కొన్న వారానికే కుక్కపిల్లకి పార్వో (ప్రాణాంతక వైరస్ జబ్బు): ఇలా అమ్మేవాళ్లని డాక్టర్లు ఆపలేరా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆన్‌లైన్ ప్రకటన చూసి లాబ్రడార్ పిల్లని కొన్నాం. రెండు నెలలదన్నారు. వారం తిరక్కుండానే వాంతులు, రక్త విరేచనాలు. అమ్మినాయన ఫోన్ ఎత్తట్లేదు.

జవాబు (వెటర్నరీ డాక్టర్‌ని): ముందు సెలైన్ ఆపనివ్వకండి, పిల్ల బతకాలి. నోట్లో వెనక పాలపళ్లు ఇంకా రాకపోతే దానికి రెండు నెలలు నిండి ఉండకపోవచ్చు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. టీకా పుస్తకంలో వ్యాక్సిన్ సీసా స్టిక్కర్ ఉందా? టీకా నిజంగా వేశారనడానికి అదే గుర్తు. ఖాళీ పుస్తకాల మీద సంతకాలు పెట్టిచ్చే డాక్టర్లుంటే నాకు ఒళ్లు మండుతుంది. వయసు, జబ్బు మీ డాక్టర్‌తో రాయించుకోండి.

ప్రశ్న వేసినవారు: స్టిక్కర్ లేదండీ, స్టాంపే ఉంది.

మరొకరు: ఆ బ్రీడర్‌కి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందేమో అడగండి.

డాక్టర్: స్టాంపులో డాక్టర్ పేరుంటే, పశువైద్యుల్ని రిజిస్టర్ చేసే రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాయండి. పుస్తకం ఫొటో జత చేయండి.