‘పొక్సక్ సొగత్సుదా’: ఈ మాటకి తెలుగులో ఏమందాం?

మొన్న ఆదివారం ఒక కొరియన్ సీరియల్ చూడటం పూర్తయింది. పదహారు భాగాలు. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వారానికి నాలుగు చొప్పున నాలుగు వారాలు వచ్చింది. అప్పుడు తీరిక లేక, ఇప్పుడు రోజుకొకటి చొప్పున చూశాను. ఇంగ్లీషులో దాని పేరు ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్’. ఆ పేరు విని ఏదో కమలాపళ్ళ తోటలో సరదా ప్రేమకథ అనుకున్నాను. కొరియన్‌లో అసలు పేరు ‘పొక్సక్ సొగత్సుదా’. ఈ రెండో పేరు గురించే ఇక్కడ అడగాలని వచ్చాను.

ఇది రాజధాని సోల్‌లో వినిపించే కొరియన్ కాదు, దక్షిణాన ఉన్న జెజు దీవి మాట. ‘పొక్సక్’ అంటే పూర్తిగా, నిండా. ‘సొగత్సుదా’ అంటే శ్రమపడ్డారు. చివర ఉన్న ‘సుదా’ మన ‘అండీ’ లాగా మర్యాదని తెచ్చే ముగింపు. మొత్తం కలిపితే ‘ఎంతో శ్రమపడ్డారండీ’ అని. ఇదే మాట సోల్ మనిషి చెవిన పడితే మాత్రం ‘నిండా మోసపోయారు’ అని వినిపిస్తుంది. అక్కడి కొరియన్‌లో ‘సొక్తా’ అంటే మోసపోవడం మరి.

మనకీ ఇలాంటివి ఉన్నాయి. అంగడి అంటే రాయలసీమలో కొట్టు, తెలంగాణలో వారానికోసారి జరిగే సంత. కానీ ఒకచోట మెప్పు అయినది ఇంకోచోట మోసం కావడం నేనెక్కడా వినలేదు. జెజులో బోర్డుల మీద రాసే స్వాగతం ‘హొంజొ ఒప్సొయె’ కూడా ఇలాంటిదే. వాళ్ళు ‘రండి, త్వరగా రండి’ అంటుంటే బయటివాళ్ళకి ‘ఒంటరిగా రండి’ అన్నట్టు ఉంటుందట. జెజు మాటని యునెస్కో 2010లో అంతరించిపోయే ప్రమాదం చాలా ఎక్కువగా ఉన్న భాషల్లో చేర్చింది. అలాంటి మాటని ఇంత పెద్ద సీరియల్‌కి పేరుగా పెట్టి, దేశమంతా దాని అర్థం తెలుసుకునేలా చేసినందుకు రచయిత ఇమ్ సాంగ్-చున్ మీద నాకు చాలా గౌరవం కలిగింది. కొరియాలో సినిమాలకీ సీరియల్స్‌కీ ఇచ్చే బేక్‌సాంగ్ అవార్డుల్లో ఆ ఏడాది ఉత్తమ సీరియల్, ఉత్తమ రచన రెండూ దీనికే వచ్చాయి.

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను, చివర ఏమవుతుందో చెప్పను. ఏసున్ అనే అమ్మాయి. తల్లి గ్వంగ్‌ర్యే ‘హెన్యో’, అంటే సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగి, అడుగున ఉన్న గుల్లల్నీ నాచునీ కోసుకొచ్చే ఆడమనిషి. సిలిండర్లు, గొట్టాలు ఏమీ ఉండవు. ఈ హెన్యోల సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఏసున్‌కి కవి కావాలని కోరిక. చిన్న పిల్లగా ఉన్నప్పుడు అమ్మ కోసుకొచ్చే ఆబలోన్ గుల్లని తిడుతూ కవిత రాస్తుంది. రోజూ ఆ గుల్లే, తుఫాను వస్తే తప్ప అమ్మకి సెలవు లేదు, ఆ గుల్ల అమ్మితే వచ్చే వంద హ్వాన్ (అప్పటి కొరియా డబ్బు) నేనే ఇచ్చి అమ్మ దగ్గర ఒక రోజు కొనుక్కోవాలని ఉంది అంటుంది ఆ పిల్ల. అక్కడ ఆపేసి లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. ఆ రాత్రి ఇంక చూడలేకపోయాను. ఆ తల్లి ఇరవై తొమ్మిదేళ్ళకే పోతుంది.

ఇంకో సన్నివేశం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఏసున్ అత్తవారింట్లో మగవాళ్ళకి ఒక బల్ల, ఆడవాళ్ళకి వేరే బల్ల. భర్త గ్వన్‌సిక్ తింటూ తింటూ ఏమీ అనకుండా వెనక్కి తిరిగి, పెళ్ళాం ఉన్న బల్ల వైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. అరవడు, ఉపన్యాసం ఇవ్వడు, తిరిగి కూర్చుంటాడంతే. మగవాళ్ళు తిని లేచాక ఆడవాళ్ళు కూర్చునే ఇంట్లో పెరిగినదాన్ని. ఆ తిరగడం ఎంత పెద్ద పనో నాకు తెలుసు.

సరే, మాట దగ్గరికి వస్తాను. చైనీస్‌లో ఈ సీరియల్‌కి పెట్టిన పేరు చూస్తే ముచ్చటేసింది. ‘చేదు పోయి తీపి వస్తుంది’ అని వాళ్ళకో నానుడి ఉంది. అందులో తీపి అనే అక్షరం తీసేసి, అదే పలుకున్న కమలాపండు అక్షరం పెట్టారు. వెంటనే నాకు ‘కష్టే ఫలి’ గుర్తొచ్చింది. ఫలం అంటే పండూ అవుతుంది, ఫలితమూ అవుతుంది! తెలుగులో ఈ సీరియల్‌కి ఇంతకన్నా మంచి పేరు దొరకదేమో అనిపించింది.

కానీ అసలు పేరు పలకరింపు కదా, సామెత కాదు. ఒక మనిషి ఇంకో మనిషి ముఖం చూసి అనే మాట. ఈ తూర్పు దేశాల సీరియల్స్ చూసేవాళ్ళకి తెలుసు, ఈ పలకరింపు లేకుండా ఒక్క భాగం కూడా గడవదు. కొరియన్‌లో ‘సుగోహెస్సొ’. జపనీస్‌లో ‘ఒత్సుకారెసమ’. అలసట అనే మాటకి ముందూ వెనకా గౌరవం తగిలించారు. ఆఫీసులో దీపాలు ఆర్పేటప్పుడు అదే, గ్లాసులు తగిలించేటప్పుడు అదే. చైనీస్‌లో ‘షిన్‌కు ల’. షిన్ అంటే కారం, కు అంటే చేదు. చైనాలో యునాన్‌లోని దాలి ఊళ్ళో జరిగే ‘మీట్ యువర్‌సెల్ఫ్’ అనే సీరియల్ నలభై భాగాలు చూశాను. అందులో ఎవరైనా ఎవరికైనా సాయం చేస్తే నాకు ఈ మాట కోసం చెవులు రిక్కించుకోవడం అలవాటైపోయింది. నువ్వు కారమూ చేదూ తిన్నావు, నేను చూశాను అని చెప్పడం ఎంత బాగుంది!

ఇక ప్రశ్న. పని చేసి అలసి వచ్చిన మనిషితో మనం ఏమంటాం? సబ్‌టైటిల్స్‌లో వేసే ‘గుడ్ వర్క్’ నాకు నచ్చడం లేదు. అది మార్కులు వేయడం. ‘ధన్యవాదాలు’ సభలో మాట. మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఉన్న మాట చెప్పండి.

వ్యాఖ్య 1

అమ్మా, ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాడిని కాబట్టి ఒక మాట. ‘కష్టే ఫలి’ చమత్కారంగా ఉంది కానీ, అందులో హామీ ఉంది. కష్టపడు, పండు దొరుకుతుంది అంటుంది. మీరు చెప్పిన తల్లికి ఏ పండు దొరికింది? మీ పలకరింపులో హామీ లేదు, పడిన శ్రమని గుర్తించడం మాత్రమే ఉంది. కాబట్టి పేరుగా అది వద్దు.

మనకి ‘బడలిక’ ఉంది, ‘సేద’ ఉంది. సేద తీరండి అనేది అచ్చంగా అలసి వచ్చినవాడిని ఆదరించే మాట. మా నాయనమ్మ మాత్రం వీధిలోంచి ఎవరొచ్చినా ‘ఎండనపడి వచ్చావు, కాళ్ళు కడుక్కో’ అనేది. కూలికి వచ్చినవాళ్ళతోనూ అంతే, చుట్టాలతోనూ అంతే. పడిన కష్టం పేరు పెట్టి చెప్పడం మన పద్ధతి. ఎండ అయితే ఎండ, వాన అయితే ‘తడిసి వచ్చావు’. అన్నిటికీ అతికే ఒక్క మాట లేకపోవడం లోటని నేననుకోను.

వ్యాఖ్య 2

అక్కా, మాది నల్లగొండ దిక్కు. మా అమ్మ ‘మస్తు తిప్పలవడ్డవ్ బిడ్డా’ అంటది. నేను పొద్దంతా బస్సులో నిలబడి హైదరాబాద్ నుంచి పోయినా అదే, పరీక్ష రాసొచ్చినా అదే. అందులో జాలి ఉండదు. చూసిన, నాకు తెలుసు అన్నట్టు ఉంటది. తిరిగి వచ్చేటప్పుడు ‘పైలం’ అంటది. నాకైతే మీరు చెప్పిన కొరియా మాటకి ‘తిప్పలవడ్డవ్’ పక్కా సరిపోతది.

ఇంకొకటి. ‘అవర్ బ్లూస్’ చూడలేదా? 2022లో వచ్చింది, అది కూడా జెజు కథనే. ఆ ముసలామెలు మాట్లాడేది కొరియావాళ్ళకే అర్థం కాదని కింద మామూలు కొరియన్‌లో రాసిండ్రు. మా మాటని సినిమాల్లో చాలాకాలం నవ్వించడానికే వాడిండ్రు, అందుకని అది చూసినప్పుడు నాకు మస్తు మంచిగనిపించింది. ఏడిపించే మాట కూడా వాళ్ళ భాషలోనే పెట్టిండ్రు.

వ్యాఖ్య 3

ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాను. ఒక చిన్న సంగతి కలుపుతాను. జపాన్‌లో ‘గొకురోసమ’ అని ఇంకో మాట ఉంది, దానికీ శ్రమపడ్డారనే అర్థం. అది పైవాళ్ళు కిందివాళ్ళతో అనేది. కొత్తలో నేను మా మేనేజర్‌తో అన్నాను, పక్కనున్న ఆవిడ మెల్లగా సరిదిద్దింది. కొరియన్‌లో కూడా ‘సుగో’ మాట పెద్దవాళ్ళతో అనకూడదని మర్యాద తెలిసినవాళ్ళు చెప్తారు. శ్రమని మెచ్చుకోవాలంటే నువ్వు పైమెట్టు మీద ఉండాలన్న భావన అది. తెలుగులో అమ్మతో ‘చాలా కష్టపడ్డావు’ అని కొడుకు అనవచ్చా? మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

వ్యాఖ్య 4

థాంక్స్ అంటే సరిపోతుంది కదండీ. అందరికీ అర్థమవుతుంది.

మొదట రాసినదాన్ని, మళ్ళీ

అందరికీ ఒకేచోట జవాబిస్తాను.

మాస్టారూ, మీరు చెప్పింది నిజం. ఆ తల్లిని తలచుకున్నాక ‘కష్టే ఫలి’ నోట రావడం లేదు. వెనక్కి తీసుకుంటున్నాను. ‘ఎండనపడి’ గురించి మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. కానీ ఒక అనుమానం. ఎండనపడి వచ్చినవాళ్ళతో అంటాం సరే, ఇంట్లోనే పొయ్యి దగ్గర ఉన్న మనిషితో? ఆవిడ ఎక్కడినుంచీ రాలేదు. గుమ్మం దాటి వచ్చినవాళ్ళకే మన పలకరింపులన్నీ. వంటింట్లో ఉన్నవాళ్ళ వంతు వచ్చేసరికి మాట లేదు. నల్లగొండ తమ్ముడూ, మీ అమ్మ నీతో అంటుంది సరే, ఆవిడతో ఎవరైనా అన్నారా? ఒసాకా నుంచి రాసినవారు అడిగిందీ ఇదే. కోప్పడటానికి అడగడం లేదు, మా ఇంట్లోనూ ఎవరూ అనలేదు.

థాంక్స్ అన్నవారికి: థాంక్స్ నాకు చేసిన మేలుకి చెప్తాం. ఏసున్ తల్లి సముద్రంలో మునిగింది నాకోసం కాదు కదా. అయినా ఆవిడతో ఏదో ఒకటి అనాలని ఉంది. ఆ మాట కోసమే ఈ వెతుకులాట.

రాత్రి గిన్నెలు తోముతుంటే ఒకటి తట్టింది. ‘మోయడం’. కడుపున మోస్తాం, నెత్తిన మోస్తాం, సంసారం మోస్తాం. నవమాసాలు మోసి కన్నది అంటాం. ‘ఎంత మోశావమ్మా’ అంటే అందులో మార్కులు లేవు, పైమెట్టు లేదు, హామీ లేదు. పెద్దవాళ్ళతో అన్నా తప్పుగా వినిపించదు. ఇంకొకటి చూడండి. ‘మోసింది’, ‘మోసపోయింది’ పక్కపక్కన పెట్టి చదవండి. మోయడం వేరు, మోసం వేరు, మాటలుగా వాటికి చుట్టరికం లేదు, చెవికి మాత్రమే దగ్గర. కానీ జెజు మాట సోల్ చెవికి వినిపించినట్టే ఇదీ వినిపిస్తుంది! శ్రమపడటం, మోసపోవడం అక్కడ ఒకే పలుకులో కలిస్తే మనకి ఒక్క అక్షరం దూరంలో నిలబడ్డాయి. ఇంగ్లీషు పేరు దీన్ని పూర్తిగా వదిలేసింది, చైనీస్ పేరు తీపి వైపు వెళ్ళిపోయింది. తెలుగులోనే ఇది నిలుస్తుందేమో. ‘ఎంత మోశారో’ అని పేరు పెడితే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఒసాకావారి ప్రశ్న ఉంది కదా, అందుకని ఈ పొద్దున అమ్మకి ఫోన్ చేశాను. మామూలు మాటలు అయ్యాక ‘ఎంత మోశావమ్మా’ అన్నాను. గొంతు కాస్త తడబడింది.

అమ్మ ‘ఏమిటే, నీళ్ళా?’ అంది.

నేనేమీ అనలేదు. తనే చెప్పుకుపోయింది. మా వీధికి కుళాయి రాకముందు చెరువు నుంచి పొద్దునకి మూడు బిందెలు, సాయంత్రం మూడు. నేను కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెల వరకూ. గట్టు మీద చింతచెట్టు దగ్గర బిందె దించుకుని కాసేపు నిలబడేదట. అక్కడ ఎప్పుడూ గాలి ఉండేదట.