చక్రం సరిపోయింది, బ్రేకు అందట్లేదు: రిమ్ము మార్చాలా, బ్రేకు మార్చాలా?

ఎంవీపీ కాలనీ: అమ్మ వాడే పాత లేడీస్ సైకిల్. మన విశాఖ ఉప్పుగాలికి వెనక రిమ్ము తుప్పు తినేసి స్పోకుల దగ్గర చిల్లులు పడింది. షాపులో ‘రెండూ 26 అంగుళాలే’ అని గేర్లు లేని మౌంటెన్ బైక్ చక్రం వేశారు. ఫ్రేములో బాగానే కూర్చుంది, తిరుగుతోంది. కానీ బ్రేకు రబ్బర్లు టైరు పక్కలకి రాసుకుంటున్నాయి. పొడుగు చేతుల బ్రేకు వేస్తే చాలంటున్నారు. వేయించనా?

పూర్ణా మార్కెట్: వేయించెయ్యండి. రిమ్ము, స్పోకులు, అల్లిక కూలి, అంతా కలిపితే బోలెడు ఖర్చు. ఊళ్లో తిరిగే సైకిలే కదా.

మర్రిపాలెం రిపేరు: అన్నా, నేను ఒప్పుకోను. రెండు టైర్ల పక్కనా చిన్న అంకెలు చూడండి. పాతది 26×1⅜ అయితే 37-590 అని, కొత్తది 50-559 లాంటిదని ఉంటుంది. ముందుది వెడల్పు, రెండోది టైరు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. 590కి రెండువైపులా 37 కలిపితే 664. 559కి రెండు 50లు కలిపితే 659. బయటి ఎత్తు దాదాపు ఒకటే, అందుకే రెంటికీ 26 అనే పేరు, అందుకే ఫ్రేములో పట్టింది. రిమ్ము మాత్రం 31 చిన్నది. అంటే రబ్బరు పదిహేనున్నర మిల్లీమీటర్లు ఇరుసు వైపు దిగాలి. బ్రేకు గాడిని ఆకురాయితో రాస్తే వచ్చే దూరం కాదది.

పొడుగు చేతులు వేస్తే అందుతుంది, నిజమే. కానీ చెయ్యి పొడుగయ్యేకొద్దీ మీరు లివరు ఎంత నొక్కినా రిమ్ము మీద పడే పట్టు తగ్గుతుంది. సిరిపురం నుంచి బీచ్‌కి దిగే వాలులో, వానలో, అమ్మ సైకిల్ మీద ఉంటే ఆ పట్టు చాలుతుందా? నేనైతే అలా చేసి పంపను.

590 రిమ్ము తెచ్చి పాత హబ్బుకే (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం) అల్లించండి. మొదట ఆ హబ్బుకి స్పోకులు పట్టే రంధ్రాలు లెక్కపెట్టండి. మన పాత సైకిళ్లకి వెనక 40, ముందు 32 మామూలు. అల్యూమినియం రిమ్ములు 36వి ఎక్కువ, అవి 40 హబ్బుకి పనికిరావు. స్పోకులు కొత్త రిమ్ము లోపలి కొలత తీసుకున్నాకే కొనండి.

పూర్ణా మార్కెట్: 590లో 40 రంధ్రాలది అల్యూమినియంలో దొరక్కపోతే? ఇప్పుడున్న చక్రానికే హబ్బు పక్కన డ్రమ్మును పట్టీతో బిగించి ఆపే బ్యాండు బ్రేకు వేస్తే రిమ్ము సైజుతో పనేలేదు.

మర్రిపాలెం రిపేరు: బ్యాండు బ్రేకు మంచి ఆలోచనే. అయితే డ్రమ్ము బిగించడానికి హబ్బు ఎడమవైపు మర (స్క్రూకి ఉండేలాంటి చుట్లు) ఉండాలి. అలాగే ఈ లావు టైరు 37కి చేసిన ఫ్రేములో తిరుగుతోంది, కాస్త బెండు వచ్చినా ఫ్రేము గొట్టానికి రాసుకుంటుంది.

ఎంవీపీ కాలనీ: చూశాను. పాత హబ్బుకి 40. కొత్తదానికి ఎడమవైపు మర లేదు. 40 రంధ్రాలది ఇనుప రిమ్మే దొరికినా అదే అల్లిస్తాను. అప్పటిదాకా సైకిల్ బయటికి తియ్యొద్దని అమ్మకి చెప్పాను.