పికాసో నిశ్చల చిత్రంలోని పేము అల్లికను ఎలా చదవాలి?

పాబ్లో పికాసో 1912లో చేసిన ‘స్టిల్ లైఫ్ విత్ చైర్ కేనింగ్’ను కొన్ని వారాలుగా పరిశీలిస్తున్నాను. కోడిగుడ్డు ఆకారంలోని కాన్వాసు, దాని చుట్టూ చట్రంగా అసలైన తాడు, లోపల గాజు గ్లాసు, కత్తి, నిమ్మచెక్క. ‘జె, ఓ, యు’ అనే అక్షరాలు ‘జూర్నాల్’ అనే ఫ్రెంచి మాటకు, అంటే వార్తాపత్రికకు, సూచన కావచ్చు. ఇంతవరకు ఇబ్బంది లేదు.

చిక్కంతా కింది ఎడమవైపున అతికించిన ముక్కతోనే. అది నిజమైన పేము కాదు, పేము అల్లిక ముద్రించిన ఆయిల్‌క్లాత్. గాజుబల్ల గుండా కనిపించే కుర్చీ అనుకుంటే తాడు బల్ల అంచుగా చక్కగా ఒదుగుతుంది, కానీ ఆ అల్లిక ఒక్కసారిగా తెగిపోవడానికి కారణం దొరకదు. బల్లపై పరిచిన గుడ్డ అనుకుంటే వస్తువు సరిపోతుంది గాని, కుర్చీ అల్లికనే ఎందుకు ఎంచుకున్నాడో తెలియదు. అచ్చుప్రతిలో ఆ ముక్కను తెల్లకాగితంతో కప్పి చూశాను, పలుచని కాగితంపై గీతలను విడివిడిగా దించి చూశాను. ముక్కను కప్పితే మిగిలినది వస్తువులను ముక్కలుగా విడగొట్టి చూపే మామూలు క్యూబిస్టు శైలి బల్లలాగే కనిపించింది. నాకు ఎంతో ఇష్టమైన ఆ కలవరం మాయమైంది.

ఈ రెండు అన్వయాలలో ఏది సరైనదని, చిత్రంలోని ఏ ఆధారంతో మీరు చెప్పగలరు?