మామూలు, మామూళ్లు: ఒకే మాటేనా?

ప్రశ్న (ఒక సభ్యురాలు):
"మామూళ్ల మత్తులో అధికారులు" అని జిల్లా పేజీల్లో తరచూ హెడ్డింగ్ కనిపిస్తుంది. ఆ పక్కనే "మామూలు జ్వరమే, కంగారు పడొద్దు" అని డాక్టరు గారి మాట. ఈ రెండూ ఒకే మాటా, లేక పలకడంలో కలిసిపోయిన రెండు మాటలా? లంచం అనే మాట ఉండగా మళ్లీ ఇదెందుకు? తెలిసినవారు చెప్పగలరు.

తెలుగు మాస్టారు:
ఒకే మాటేనమ్మా. అరబీలో 'అమల్' అంటే పని, ఆచరణ. అందులోంచి వచ్చిన 'మామూల్' అంటే ఆచరణలో ఉన్నది, వాడుకగా జరిగేది. పారసీ నడిచిన కచేరీల మీదుగా మనకు చేరింది. అదే 'అమల్' మనకు 'అమలు' కూడా అయింది. అంటే చట్టం అమలూ, దాన్ని అటకెక్కించే మామూలూ ఒక తల్లి పిల్లలే!

వాడుకగా జరిగేది కాస్తా వాడుకగా ఇచ్చేది కావడానికి పెద్ద దూరం లేదు. మధ్యలో దసరా మామూలు ఉంది కదా. పండక్కి పోస్ట్‌మ్యాన్, పేపర్ వేసే కుర్రాడు, వీధి ఊడ్చే ఆవిడ గుమ్మంలో నిలబడి "దసరా మామూలండీ" అంటే లంచం అని ఎవరూ అనుకోరు. అది ఆనవాయితీ. లాఠీ పట్టినవాడు అదే మాట పట్టుకుని బజార్లోకొచ్చాడు, పండక్కి కాకుండా నెలనెలా.

ఇక క్రియలు చూడండి, అసలు సరుకు అక్కడుంది. లంచం తింటారు, మేస్తారు, మింగుతారు. మామూళ్లు తినడం ఎక్కడో తప్ప వినం. వాటిని వసూలు చేస్తారు, దండుకుంటారు, శిస్తు వసూలు చేసినట్టు. లంచం పుచ్చుకునేవాడు లంచగొండి. మామూళ్లు పుచ్చుకునేవాడికి పేరే పెట్టలేదు మనం. తిట్టడానికి మాట పుట్టలేదంటే అది మనకు ఎంత ఒంటబట్టిందో ఊహించుకోండి. బహువచనంలో అయితే అనుమానమే లేదు: 'మామూళ్లు' అన్నాక జ్వరం ఎవరికీ గుర్తుకు రాదు.

హోసూరు సభ్యుడు:
ఇక్కడ తమిళంలోనూ మామూలే, అటు కన్నడంలోనూ మామూలే, రెండర్థాలతో సహా. చెక్‌పోస్టులో లారీ డ్రైవర్లకు భాషా సమస్య రాదు లెండి.

ఇంకో సభ్యుడు:
ఇంత చర్చ దేనికండీ? మామూలన్నా లంచమే, కానుకన్నా లంచమే. ఈ సన్నసన్న తేడాలు తవ్వితే తప్పు పల్చబడిపోతుంది.

వకీలు గారు:
కోర్టుకి రండి, ఆ సన్న తేడా మీదే కేసులు నిలబడతాయి, పడిపోతాయి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కింద ట్రాప్ కేసు, అంటే వల పన్ని పట్టుకున్న కేసు, పెడితే డిఫెన్సు మొదట పట్టుకునేది ఒకటే: డబ్బు అడిగాడా? ఏసీబీ వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపుతారు. పుచ్చుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేస్తారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. కానీ ఆ రంగు చెప్పేది చెయ్యి నోటును తాకిందని. నోరు అడిగిందని కాదు.

హైదరాబాద్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు కోసం 500 రూపాయలు పుచ్చుకున్నారన్న కేసు 2015లో సుప్రీంకోర్టులో తేలింది. విచారణకు ముందే ఫిర్యాదిదారు చనిపోయాడు. అడిగినట్టు రుజువు లేదని శిక్ష కొట్టేశారు. 2022 డిసెంబరులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కొంత దారి తెరిచింది. ఫిర్యాదిదారు చనిపోయినా, అడ్డం తిరిగినా మిగతా సాక్ష్యాలతో, పరిస్థితులతో నిరూపించవచ్చంది. అయినా అడగడమో, ఇవ్వజూపడమో ఏదో ఒకటి రుజువు కావాల్సిందే.

మరి మామూళ్ల దగ్గర అడిగేవాడేడీ? ఒకటో తారీకు వస్తుంది, కవరు వెళ్తుంది. తోపుడుబండివాడు రేపు కూడా అదే మూలన బండి పెట్టుకోవాలి, ఏసీబీ ఫిర్యాదుల నంబరు 1064కి ఫోన్ చేస్తాడా? పైగా 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చానంటే 7 రోజుల్లో ఫిర్యాదు చెయ్యాలి. ఏళ్ల తరబడి నెలనెలా ఇస్తున్నవాడికి ఏ ఏడు రోజులు లెక్క?

ఇందాకటి సభ్యుడు:
వకీలు గారూ, అడిగిన నోరే దొరకదంటే ఇక పట్టేదెలా?

తెలుగు మాస్టారు:
మనిషిని వదిలేసి ముందు లెక్కను పట్టుకోవాలి. ఉపాధి హామీలో 2006 నుంచి మన దగ్గర చేస్తున్న సామాజిక తనిఖీ అలాంటిదే. మస్టర్ కాగితాలు, అంటే కూలీల హాజరు పట్టీలు, చేతబట్టుకుని ఇంటింటికీ వెళ్లి, "నువ్విన్ని రోజులు పని చేసినట్టు రాశారు, నిజమేనా? నీకెంత ముట్టింది?" అని అడుగుతారు. తేలినదాన్ని మండలంలో ప్రజా వేదిక పెట్టి, అధికారుల ముందే బయటికి చదువుతారు. ఎవరు అడిగారన్నది తర్వాత, ఎంత తరిగిందన్నది ముందు. తేలిన సొమ్మంతా తిరిగి వచ్చిందా అంటే రాలేదు, రికవరీల కథ పెద్ద గోల. రాజస్థాన్‌లో కూలీలు 1994 నుంచి జన్ సున్‌వాయీలు, అంటే బహిరంగ విచారణ సభలు, పెట్టి చేసిందీ ఈ పనే. 2005 సమాచార హక్కు చట్టం వెనక ఆ సభల ఒత్తిడి చాలా ఉంది.

అన్నట్టు 'ముట్టడం' కూడా రెండు పక్కలా ఉండే మాటే. "కూలి ముట్టిందా?" అంటే హక్కు. "ఆయనకు ముట్టాల్సింది ముట్టిందిలే" అంటే తెలిసిందే.

రెవెన్యూలో రిటైరైన సభ్యుడు:
మామూలుకి మచ్చలేని రోజులు కూడా ఉండేవని రాసుకోండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల్లో 'మామూల్ వెట్' అంటే పూర్వం నుంచీ నీళ్లు పారుతున్న పల్లం. సర్కారు కొత్తగా నీటి తీరువ, అంటే నీటి పన్ను, వేస్తే, ఇది మామూలు నీరు, తీరువ ఎందుకని రైతు ఎదురు తిరిగేవాడు. అప్పట్లో మామూలు ఇచ్చేవాడి మాట కాదు, హక్కున్నవాడి మాట.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
అందరికీ ధన్యవాదాలు. దసరాకి తెలంగాణలో కూడా మామూలనే అడుగుతారా?

వరంగల్ సభ్యుడు:
లేదక్కా, దసరాకి మా దగ్గర అడిగేది ఇనాం. మామూలంటే పోలీసోళ్లదే.