గీజర్: బుగ్గ పేరు స్నానాల గదికి వచ్చిన దారి

ప్రశ్న: మా అమ్మాయి భూగోళం పాఠంలో ‘గీజర్’ అన్న మాట చూసి, “నాన్నా, మన స్నానాల గదిలో ఉన్నదేనా?” అని అడిగింది. రెండూ ఒకటేనా? తెలుగులో ఏమనాలి? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మంచి ప్రశ్న వేసిందండీ మీ అమ్మాయి. మాట ఒక్కటే. ముందు పుట్టింది మాత్రం పాఠంలోది.

ఐస్‌లాండ్‌లోని హౌకదలుర్ లోయలో ఒక వేడినీటి బుగ్గ ఉంది. దాని పేరు గేసిర్. ఆ భాషలో ‘గేసా’ అంటే ఉరకలు వేస్తూ పైకి రావడం. 1294లో భూకంపాలు వచ్చినప్పుడు ఆ లోయలో వేడి బుగ్గలు కొత్తగా పుట్టాయని అప్పటి వార్షిక రాతల్లో ఉంది. ఆ ఒక్క బుగ్గ పేరునే 18వ శతాబ్దంలో ఇంగ్లీషువారు తీసుకుని, అలా నీళ్లు చిమ్మే ప్రతి బుగ్గకూ పెట్టేశారు. బ్రిటన్‌లో గీజర్ అంటారు, అమెరికాలో గైజర్.

ఇక స్నానాల గది సంగతి. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే రంగులు వేసే పనివాడు గ్యాసు మంటతో అప్పటికప్పుడు నీళ్లు కాచే పరికరం తయారుచేసి దానికి ‘గీజర్’ అని పేరు పెట్టాడు. మన ఇళ్లలో గోడకు వేలాడేది ఆ పేరే.

అయితే ఏ వేడి బుగ్గనైనా గీజర్ అనకూడదు. గీజర్‌కు భూమిలో ఇరుకైన గొట్టంలాంటి దారి ఉండాలి. పైనున్న నీటి బరువు వల్ల అడుగున నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. పైనుంచి కొంచెం నీరు పొర్లిపోయి బరువు తగ్గగానే అడుగు నీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మీదున్నదాన్ని ఎగదన్నుతుంది. గేసిర్ పక్కనే ఉన్న స్ట్రోక్కుర్ వీడియో మీ అమ్మాయికి చూపించండి. చిమ్మే ముందు నీళ్లు నీలంగా, నున్నగా, పొయ్యి మీద పూరీలా ఉబ్బుతాయి. మరుక్షణం పగిలి 20 మీటర్ల దాకా లేస్తాయి. స్ట్రోక్కుర్ అంటే వాళ్ల భాషలో వెన్న చిలికే పాత్ర. మన చల్లకుండ అన్నమాట! ఆ పేరు పెట్టినవాళ్ల మీద నాకు ఎంతో గౌరవం.

ఇక తెలుగు మాట. మన పుస్తకాల్లో ‘వేడినీటి ఊట’ అని రాస్తున్నారు. నాకు అది మింగుడుపడదు. ఊట ఊరుతుంది, బుగ్గ ఉబుకుతుంది, ఇది చిమ్ముతుంది. మూడు క్రియలూ మనకు వేరువేరుగా ఉన్నప్పుడు ఎందుకు కలిపేయాలి? తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి పేరులోని బుగ్గ ఈ నీటి బుగ్గే. ఐస్‌లాండ్‌వారు కూడా ఇలాంటివాటిని ‘గోస్‌హ్వేర్’ అంటారు. గోస్ అంటే చిమ్మడం, హ్వేర్ అంటే వేడి బుగ్గ. అదే పద్ధతిలో మనకు ‘చిమ్ముబుగ్గ’ సరిపోతుందని నా అభిప్రాయం. పిల్లల నోట తేలిగ్గా పలుకుతుందో లేదో, మీ అమ్మాయి చేత ఒకసారి అనిపించి చూడండి.

ప్రశ్న అడిగినవారు: అనిపించానండీ. రెండోసారికే ‘చిమ్ముడుబుగ్గ’ చేసేసింది.

జవాబు: అయితే అదే ఉంచండి. నా మాట కంటే బాగుంది.