ఏఎస్‌ఓ నార్మల్, సీ3 తక్కువ.. బాబుకి కిడ్నీ వాపేనా?

పాలకొల్లు అమ్మ:
బాబుకి ఏడేళ్ళు. పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బు, మూత్రం కోకాకోలా రంగులో, అదీ కొంచెమే. బీపీ 130/90. యూరిన్‌లో రక్తం, ప్రోటీన్ 2 ప్లస్. స్ట్రెప్ (గొంతుకీ చర్మానికీ సోకే ఒక బాక్టీరియా) ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే కిడ్నీ వాపు అంటున్నారు డాక్టరు గారు. కానీ వీడికి గొంతు నొప్పే రాలేదు, ఏఎస్‌ఓ (స్ట్రెప్ సోకిందా అని చూసే రక్తపరీక్ష) కూడా నార్మల్, సీ3 (రోగనిరోధక శక్తికి చెందిన ఒక రక్త ప్రోటీన్) మాత్రం బాగా తక్కువ. మా అత్తగారేమో వేడి చేసింది, కొబ్బరినీళ్ళు పట్టమంటున్నారు. ఎవరికైనా ఇలా అయిందా?

ఖమ్మం నాన్న:
ముందు ఒళ్ళంతా చూడండి మేడమ్. మా పాపకీ గొంతు నొప్పి లేదు. డాక్టరమ్మ మోకాళ్ళ కింద నల్లమచ్చలు చూపించి ఇవేంటని అడిగారు. వానాకాలంలో దోమకాట్లు గోకి గోకి చీము పట్టిన పుళ్ళు అవి, ఎప్పుడో మానిపోయాయి. గొంతు నుంచైతే ఒకటి నుంచి మూడు వారాల్లో, పుళ్ళ నుంచైతే మూడు నుంచి ఆరు వారాలకి కిడ్నీ మీద పడుతుందట. కొబ్బరినీళ్ళు మాత్రం వద్దు. అందులో పొటాషియం ఎక్కువ, మూత్రం తగ్గినప్పుడు అది బయటికి పోక గుండెకి ప్రమాదం. నీళ్ళు కూడా కొలిచే ఇవ్వమన్నారు మాకు, ఉప్పు బాగా తగ్గించమన్నారు.

ల్యాబ్ టెక్నీషియన్:
చర్మం మీది ఇన్ఫెక్షన్‌కి ఏఎస్‌ఓ పెద్దగా పెరగదు, యాంటీ డీఎన్‌ఏస్ బి అడగండి, అది స్ట్రెప్‌కే ఇంకో రక్తపరీక్ష. నన్నడిగితే మైక్రోస్కోపు ఇంకా ఎక్కువ చెప్తుంది. ఎర్రకణాలు గొట్టంలా అతుక్కుని ఇటుకరంగులో కనిపిస్తే రక్తం కిడ్నీ వడపోత దగ్గరే కారుతోందన్నమాట, రాయి వల్ల కాదు. కాకపోతే శాంపిల్ తాజాగా ఉండాలి. పొద్దున పట్టింది మధ్యాహ్నం తెస్తే అవి విరిగిపోతాయి, మేం 'లేవు' అని రాసేస్తాం.

ఐజీఏ పేషెంట్:
నాకూ మొదట ఇదే అనుకున్నారు. కానీ నాకు గొంతు నొప్పి మొదలైన రెండో రోజుకే మూత్రం ఎర్రగా వచ్చేది, సీ3 నార్మల్, పైగా మళ్ళీ మళ్ళీ. బయాప్సీలో (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) ఐజీఏ నెఫ్రోపతీ అని తేలింది, అంటే ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలో పేరుకునే జబ్బు. మీవాడి రిపోర్టు అలా లేదు.

పాలకొల్లు అమ్మ:
చూశాను. వేళ్ళ సందుల్లో మచ్చలున్నాయి! దసరా సెలవుల్లో అమ్మమ్మగారింట్లో పిల్లలందరికీ గజ్జి, వీడిది చీము కూడా పట్టింది. ఇప్పుడు బయాప్సీ చేయించాలా?

పిల్లల వార్డు నర్సు:
మామూలుగా అక్కర్లేదమ్మా. సీ3 ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్ళీ పెరగాలి. అప్పటికీ తక్కువే ఉన్నా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కుతూ పోయినా అప్పుడు బయాప్సీ మాట ఎత్తుతారు. కంటికి కనపడని రక్తం ఏడాది దాకా రిపోర్టుల్లో రావచ్చు, దానికి టెన్షన్ పడకండి. నా భయమల్లా బీపీ గురించే. 130/90 పెద్దవాళ్ళకి కాస్త ఎక్కువంతే, ఏడేళ్ళవాడికి చాలా ఎక్కువ, ఇంకా అడ్మిట్ చేయకపోతే ఈరోజే డాక్టరు గారిని అడగండి. తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఆయాసం, ఫిట్స్, ఏది వచ్చినా అర్ధరాత్రయినా బయల్దేరండి. గజ్జి మందు ఇంటిల్లిపాదికీ ఒకేసారి రాయించండి, అమ్మమ్మగారింట్లో కూడా.