3018 పొడిగించాలా, 6040 కొనాలా? టేకు నేమ్ బోర్డుల కోసం

కాకినాడ_చెక్కపని:
అందరికీ నమస్తే అండి. నా దగ్గర రెండేళ్ళుగా 3018 సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క చెక్కే మెషిన్, పని చోటు 30 x 18 సెం.మీ.) ఉంది. ఎండీఎఫ్ మీద, పొనికి చెక్క మీద చిన్న చిన్న బొమ్మలు, కీచైన్లు బాగానే వచ్చేవి. ఇప్పుడు మా పిన్ని వాళ్ళ గృహప్రవేశానికి టేకు మీద ఇంటిపేరు చెక్కి ఇద్దామని మొదలుపెట్టా. ఒకేసారి 2 మిల్లీమీటర్ల లోతు, ఫీడ్ (కట్టర్ కదిలే వేగం) నిమిషానికి 600 ఎంఎం పెట్టేసరికి మెషిన్ ఒకటే అరుపు, అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా వచ్చాయి, అన్నిటికంటే బాధ ఏంటంటే సున్నా గుండ్రంగా రాలేదు, కోడిగుడ్డులా వచ్చింది. ఎలాగూ అడుగు దాటిన బోర్డులు చెయ్యాలి కాబట్టి పని చోటుని 30 x 40 సెం.మీ. చేసే 3040 ఎక్స్‌టెన్షన్ కిట్, 500 వాట్ల స్పిండిల్ (కట్టర్ ని తిప్పే మోటర్) కొని దీన్నే పెంచుకోవాలా, లేక డబ్బులు కూడబెట్టి 6040 (60 x 40 సెం.మీ. ది) తీసుకోవాలా? లక్ష దాటితే నా వల్ల కాదు.

లేత్_షెడ్:
తమ్ముడూ, ఆ కిట్ జోలికి వెళ్ళకు. 3018 లో ఉండేవి 10 ఎంఎం రాడ్లు, రెండు కొసల్లో పట్టుకుని మధ్యలో గాల్లో వేలాడుతుంటాయి. రాడ్ పొడవు రెట్టింపైతే అదే బరువుకి వంగడం ఎనిమిది రెట్లు అవుతుంది, అదే రాడ్ లావు 10 నుంచి 16 కి పెరిగితే గట్టిదనం ఆరు రెట్ల పైనే పెరుగుతుంది. కిట్ లో నీకొచ్చేది పొడవే, లావు కాదు. దాని మీద మళ్ళీ బరువైన స్పిండిల్ పెడితే స్పిండిల్ ని పట్టుకునే ఆ జెడ్ ప్లేట్ ఇంకా ఊగుతుంది. స్పిండిల్ పవర్ చూసి మెషిన్ కొనేవాళ్ళని చాలామందిని చూశా, టేకుతో తలపడాల్సింది ఫ్రేమ్, మోటర్ కాదు.

సున్నా సంగతి వేరే. అది స్క్రూ నట్ లో ప్లే, అంటే వదులు. డయల్ గేజ్ (సన్నటి కదలికని కొలిచే ముల్లు గేజ్) ఆనించి ఎక్స్ (కుడి ఎడమల కదలిక) ని ముందుకి 1 ఎంఎం జరిపి గేజ్ సున్నా చెయ్, మళ్ళీ వెనక్కి 1 ఎంఎం జరుపు. గేజ్ 0.7 చూపిస్తే 0.3 ప్లే ఉన్నట్టే. వై (ముందు వెనకల కదలిక) కి కూడా ఇలాగే చూడు. జీఆర్‌బీఎల్ (ఈ మెషిన్ ని నడిపే సాఫ్ట్‌వేర్) లో దీన్ని సరిచేసే సెట్టింగ్ లేదు, నట్ మార్చాలి లేదా స్ప్రింగ్ ఉన్న నట్ వేసి సర్దాలి. అలాగే స్పిండిల్ కొసని బొటనవేలితో పక్కకి నెట్టి చూడు, కంటికి కదిలినట్టు కనిపిస్తే ముందు అక్కడి స్క్రూలు బిగించు.

ఈ బోర్డు మటుకు ఈ మెషిన్ మీదే అవుతుంది, తొందరపడకు. ఒక్కో పాస్ కి అర ఎంఎం లోతే కోయి. ఫీడ్ లెక్క ఇది: 9000 ఆర్పీఎం, బిట్ (కట్టర్) కి 2 అంచులు, ఒక్కో అంచు 0.02 ఎంఎం కోస్తే నిమిషానికి 360 ఎంఎం. మరీ తగ్గించినా తప్పే, పొట్టు రాకుండా మెత్తటి పొడి వస్తుంటే బిట్ కోయట్లేదు, రుద్దుకుంటోంది అని అర్థం. టేకులో సిలికా ఉంటుంది, మామూలు స్టీల్ బిట్ త్వరగా మొద్దుబారుతుంది. కార్బైడ్ వాడు.

జాలీ_డోర్స్_వరంగల్:
పై అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను 6040 మీద దేవుడి మందిరం తలుపులకి జాలీ చేస్తా, మూడేళ్ళ సంది వాడుతున్న. కొనేముందు పేరు చూసి మోసపోకండి, 600 అంటే ఒక్కోసారి బెడ్ కొలత, కట్టర్ నిజంగా ఎంత దూరం పోతదో అడగండి. కొన్నిట్లో ఇంకా గాల్లో వేలాడే గుండ్రటి రాడ్లే ఉంటయ్, అవి వద్దు. హెచ్‌జీఆర్ 15 అనే చదరపు గట్టి పట్టాలు, కనీసం కింద పొడవునా సపోర్ట్ ఉన్న ఎస్‌బీఆర్ 16 రాడ్లు, స్క్రూ 1605 బాల్ స్క్రూ (16 ఎంఎం లావు, ఒక్క చుట్టుకి 5 ఎంఎం జరిపేది) ఉంటే చాలు. మీ పనికి 1.5 కిలోవాట్ సరిపోతది, 2.2 కి ఆశపడకండి, ఇంటి వైరింగ్ కి భారం.

ఇంకోటి, మన తెలుగు రాసేవాళ్ళు అందరూ పడే ఇబ్బంది. చాలా క్యామ్ (బొమ్మని కట్టర్ పోయే దారిగా మార్చే) సాఫ్ట్‌వేర్లలో తెలుగు నేరుగా టైప్ చేస్తే ఒత్తులు, గుణింతాలు విడిపోయి ఎక్కడెక్కడో పడతయ్. ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) లో టైప్ చేసి పాత్ (గీతల బొమ్మ) కింద మార్చి, అన్నీ యూనియన్ చేసి (ఒకే ఆకారంగా కలిపి) అప్పుడు ఎస్‌వీజీ ఫైల్ తీయండి. యూనియన్ మర్చిపోతే గుడి, కొమ్ము అక్షరం మీద ఎక్కిన చోట కట్టర్ మళ్ళీ లోపలికి పోయి అక్షరాన్నే కోసేస్తది, నాకు మొదటి బోర్డు అట్లనే పోయింది. అక్షరాలు పైకి తేలేటట్టు చెక్కుతుంటే సన్నటి ఒత్తు చెక్క నారకి అడ్డంగా పడ్డచోట విరుగుతది, కొంచెం లావు ఫాంట్ తీస్కోండి. ఎండీఎఫ్ కోసేటప్పుడు మాత్రం మాస్క్, వాక్యూమ్ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోనీయకండి.

కరెంట్_పని:
నాది కరెంట్ వైపు మాటే. వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగం మార్చే కరెంట్ డబ్బా) ఉన్న మెషిన్ తెస్తే 16 ఆంప్ పాయింట్, దానికి సరైన ఎర్తింగ్ ముందే వేయించుకోండి. స్పిండిల్ బాడీకి కూడా ఎర్త్ వైర్ పోయిందో లేదో మీటర్ పెట్టి చూడండి. చాలామంది మెషిన్ మధ్యలో ఆగిపోతోంది, కంప్యూటర్ తో లింక్ తెగిపోతోంది అంటారే, ఎక్కువసార్లు అది స్పిండిల్ కేబుల్ నుంచి యూఎస్‌బీ లోకి వచ్చే నాయిస్. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, యూఎస్‌బీ వైర్ ని దానికి దూరంగా లాగండి. కరెంట్ పోతే పని మధ్యలో ఆగిపోతుంది కాబట్టి, మెషిన్ కొస దాకా వచ్చిందని గుర్తించే లిమిట్ స్విచ్‌లు ఉన్నదే తీసుకోండి. హోమింగ్ చేస్తే, అంటే ఆ స్విచ్‌ల దాకా జరిపి చోటు గుర్తింపిస్తే, జీ54 సున్నా (పని కొలతలు మొదలయ్యే చోటు) మళ్ళీ అక్కడికే వస్తుంది, ఆగిన లైన్ కి కాస్త ముందు నుంచి మొదలుపెట్టుకోవచ్చు. స్విచ్‌లు లేకపోతే ఆ చెక్క దాదాపు పోయినట్టే.

కాకినాడ_చెక్కపని:
అన్నా, మీ అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి గేజ్ పెట్టి చూశా, ఎక్స్ లో 0.1, వై లో 0.35 వచ్చింది, వై నట్ అరిగిపోయి ఉంది. కొత్తది వేసి, జెడ్ స్క్రూలన్నీ బిగించి, పాత టేకు ముక్క మీద అర ఎంఎం, ఫీడ్ 360 తో ఒక్క సున్నా చెక్కి చూశా. గుండ్రంగా వచ్చింది! కిట్ ఆలోచన మానేశా. పిన్ని బోర్డు 11 అంగుళాలకి తగ్గించి దీని మీదే చేస్తా, 6040 కి డబ్బులు జమ చేస్తూ ముందు షెడ్ లో ఎర్తింగ్ పని చేయిస్తా. వరంగల్ అన్నా, ఒక్క డౌట్, సపోర్ట్ ఉన్న రాడ్ల మీద పడే రంపపొట్టు మీరు ఎలా ఆపుతున్నారు?

జాలీ_డోర్స్_వరంగల్:
మడతల రబ్బరు కవర్ వేసిన, అయినా రోజూ పని అయినంక బ్రష్ తో ఊడ్చి, బట్టతో తుడిచి, సన్నగా నూనె పెడత. పది నిమిషాల పని.